రెండో పుంజు

పోయిన వారం మనం భూషణాన్ని జగదల్‌పూర్ కోర్టు వరండాలో ఒక స్తంభం పక్కన వదిలేసి వచ్చాం. వారం రోజులుగా పాపం అక్కడే నిలబడి ఉన్నాడు. జాలిపడాలనిపిస్తే పడండి గానీ కొంచెం చెయ్యి బిగబట్టి పడండి. ఆ మనిషి ఏం చేశాడో మీకు తెలుసు, నాకు తెలుసు. మేజిస్ట్రేటుకే ఇంకా తెలియదు.

కొత్తగా చేరినవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. భూషణానిది సంత రోడ్డులో కిరాణా కొట్టు. కొట్టు పేరు ఎవరికీ గుర్తుండదు, ఆయన పుంజుల పేర్లు మాత్రం అందరికీ గుర్తుంటాయి. పదేళ్ళపాటు శుక్రవారం సంతలో బరి దగ్గర ఆయన మాటే మాట. అలాంటిది తోడల్లుడు రామనాథం ఎక్కడినుంచో ఒక డేగపుంజును తెచ్చాడు. అది వరసగా మూడు సంతల్లో భూషణం పుంజుల్ని పడగొట్టింది. అంతవరకూ ఓర్చుకున్నాడు. కానీ పిల్లనిచ్చిన మామ నరసింహులు, పదేళ్ళుగా భూషణం పక్కనే వేసుకు కూర్చునే మడతకుర్చీని నాలుగో సంతలో తీసుకెళ్ళి రామనాథం పక్కన వేసుకున్నాడు. ఆ కుర్చీ చూశాక భూషణానికి నిద్ర లేదు. ఒక గురువారం మధ్యాహ్నం, రామనాథం ఇంట్లో అందరూ కునుకు తీస్తున్న వేళ, డేగపుంజు జొన్నల గిన్నెలో ఎలుకల మందు కలిపి వచ్చాడు. సాయంత్రానికి డేగ చచ్చిపోయింది.

అదీ ఆయన చేసింది. ఆయన చేయనిది ఇంకొకటుంది. ఆ వెంటనే వచ్చిన ఆదివారం, అదే ఇంట్లో నెమలిపుంజు కూడా అలాగే నురగ కక్కి చచ్చిపోయింది. పోలీసులు రెంటినీ కలిపి భూషణం మెడకే కట్టారు. నిజానికి ఆ ఆదివారం ఆయన ఊళ్ళోనే లేడు. బచేలి గనుల్లో పనిచేసే కాశయ్య దగ్గర మంచి పుంజు ఉందని విని, దాన్ని ఇమ్మని బతిమాలడానికి శనివారమే వెళ్ళి, కాశయ్య కంపెనీ క్వార్టర్లో రెండు రోజులు ఉన్నాడు. ఆ మాట పోలీసులకు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. భూషణం పుంజు కోసం ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడని రామనాథానికి తెలిస్తే ఇంకేమైనా ఉందా! జైలైనా నయమనుకున్నాడు. బెయిలు మీద ఇంట్లో ఉన్న నాలుగు నెలలూ భార్య మంగాదేవి "బచేలి సంగతి చెప్పయ్యా, చెప్పయ్యా" అని పోరితే, మొన్ననే వకీలు ఈశ్వరరావు చెవిన వేశాడు.

ఇవాళ ఛార్జీలు చదివే రోజు.

వరండా ఆ చివర బెంచీ మీద మంగాదేవి కూర్చుంది. ఈ చివర బెంచీ మీద ఆమె చెల్లెలు సావిత్రి. మధ్యలో పదిహేను అడుగుల ఖాళీ, నాలుగు నెలల మౌనం. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకోకుండా ఎదురుగా ఉన్న సైకిళ్ళను చూస్తున్నారు. రామనాథం బయటి హోటల్ నుంచి మూడు గ్లాసుల టీ పట్టుకొచ్చాడు. ఒకటి సావిత్రికి ఇచ్చాడు, ఒకటి తను పట్టుకున్నాడు. మూడోది ఎవరికా అని భూషణం చూస్తూనే ఉన్నాడు. రామనాథం ఆ పదిహేను అడుగులూ నడిచి వెళ్ళి మంగాదేవి ముందు నిలబడ్డాడు.

"పొద్దున బస్సెక్కి వచ్చినవ్ వదినా, ఏం తిన్నవో ఏమో. పట్టు."

మంగాదేవి వద్దనలేదు. గ్లాసు అందుకుంది.

భూషణం ఆ గ్లాసునే చూశాడు. కేసు పెట్టినవాడు టీ ఇస్తాడు, కేసులో ఉన్నవాడి పెళ్ళాం తాగుతుంది! ఇరవై రెండేళ్ళ కిందట ఈ రామనాథం ముందు చూడ్డానికి వచ్చింది మంగాదేవినే. జాతకాలు కుదరలేదని చెల్లెల్ని చేసుకున్నాడు. ఆ తరవాతే భూషణానికి మంగాదేవితో సంబంధం కుదిరింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, మరిచిపోయారు కూడా. మరిచిపోనివాడు భూషణం ఒక్కడే. పండక్కి ఇద్దరు అల్లుళ్ళూ ఒకే పంక్తిలో కూర్చుంటే, మంగాదేవి నెయ్యి ఎవరి విస్తట్లో ఎన్ని చెంచాలు వేస్తోందో ఓరకంట చూసుకునే మనిషి ఆయన. నెయ్యి ఆయనకే ఎక్కువ పడేది. అయినా అనుమానం తీరేది కాదు. ఎక్కువ వేస్తోందంటే ఏదో కప్పిపుచ్చడానికేమో అనుకునేవాడు. ఇలాంటి మనిషికి ఏ మందు వేస్తాం చెప్పండి.

"భూషణం గారూ, ఇలా రండి. ఛార్జిషీటు నకళ్ళు వచ్చాయి."

వకీలు ఈశ్వరరావు. విశాఖపట్నం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడి పాతికేళ్ళయినా ఆ యాస వదల్లేదు. నల్లకోటు మోచేతి దగ్గర అతుకు, చేతిలో కాగితాల కట్ట, ముఖంలో ఇవాళ ఎన్నడూ లేని హుషారు.

"రెండు అభియోగాలు పెట్టారు. డేగకొకటి, నెమలికొకటి."

"రెండు కోళ్ళకు రెండా? ఇరవై చస్తే ఇరవై రాస్తరా వకీలు సాబ్?"

"అలా కాదండీ. కోళ్ళ తలలు లెక్కపెట్టరు, చేసిన పనిని లెక్కపెడతారు. గురువారంనాడే ఆ గిన్నెలో మందు కలిపితే, అందులో మూతి పెట్టిన పుంజులు పది చచ్చినా అదంతా ఒక్క పనే అని నేను వాదించగలను. ఒక్క పనికి ఒక్క అభియోగం. కానీ ఇక్కడ గురువారం ఒకటి, ఆదివారం ఒకటి. మధ్యలో రెండు రోజులు ఎడం. అంటే ఇంటికెళ్ళి, అన్నం తిని, పడుకుని, లేచి, మళ్ళీ వచ్చి చేశాడన్నమాట. అది వేరే పని, వేరే నేరం."

భూషణం తల ఊపాడు. తను వేరే పనికి వెళ్ళలేదని అరవాలని ఉంది. అరిస్తే, మరి మొదటి పనికి వెళ్ళావన్నమాట అంటారు. వకీలుక్కూడా ఆయన ఇంతవరకూ మొదటిది చేశాననీ చెప్పలేదు, చేయలేదనీ చెప్పలేదు. మింగలేక కక్కలేక నాలుగు నెలలు గడిపాడు.

"ఏడాదిలోపు చేసిన ఒకే రకం నేరాలు మూడు దాకా ఒకే విచారణలో కలపొచ్చండీ. మీవి రెండే," అని ఈశ్వరరావు నవ్వాడు. "ఇంకో పుంజుకు జాగా ఉంది."

"మీకు నవ్వులాటగ ఉన్నది."

"లేదండీ, నవ్వులాట కాదు. జంతు హింస నివారణ చట్టం కింద అయితే యాభై రూపాయల లోపు జరిమానాతో పోయేది. వీళ్ళు పెద్ద సెక్షన్ పట్టుకున్నారు. యాభై రూపాయలకు పైన విలువ చేసే జంతువును చంపడం. దానికి ఐదేళ్ళు. ఈ మేజిస్ట్రేటు అధికారం మూడేళ్ళ దాకానే అనుకోండి, అయినా రెంటికీ విడివిడిగా వేసి ఒకదాని తరవాత ఒకటి అనుభవించమంటే ఆరేళ్ళు. అందుకే లెక్క ముఖ్యం."

"ఎంత రాసిండ్రు విలువ?"

"డేగ ఎనిమిది వందలు. నెమలి మూడు వందలు."

"ఎనిమిది వందలా!" భూషణం గొంతు వరండా అంతా వినపడింది. "నా కాకిపుంజు ఏడు సంతలు గెలిస్తే ఎవడూ ఐదు నూర్లు దాటి అడగలే. దాని బొంద, ఆ డేగకు ఎనిమిది నూర్లా? ఎవరు కట్టిండ్రు ఆ ధర?"

చూశారా. ఆరేళ్ళ జైలు గురించి చెబితే ఉలకలేదు. పుంజు ధర చెబితే ఒళ్ళు మండింది.

"మరి సంతసంతకూ బరిల కత్తి కట్టి చంపుతున్నం గద. వాటి లెక్క లేదా?" అని మళ్ళీ అడిగాడు.

"దానికీ సెక్షన్ ఉంది. రాయడం మొదలుపెడితే సంత సంతంతా బోనెక్కాలి. అంత పెద్ద బోను ఎక్కడా లేదు," అన్నాడు ఈశ్వరరావు. "ఇంకో సంగతి చూడండి. ప్రతి అభియోగంలోనూ పుంజు యజమాని పేరు విడిగా రాశారు. రామనాథం, రామనాథం. పరాయివాడి సొత్తును చంపితేనే ఈ సెక్షన్. తన కోడిని తను చంపుకున్నవాడికి ఇది వర్తించదు. సరే, అది మనకు పనికొచ్చేది కాదు. మనకు పనికొచ్చేది ఇదిగో."

కట్ట అడుగు నుంచి ఒక స్టాంపు కాగితం తీశాడు. బచేలి కాశయ్య ప్రమాణం చేసి సంతకం పెట్టిన పత్రం. కాశయ్య కూడా వచ్చాడు, గేటు దగ్గర చెరుకురసం తాగుతున్నాడు.

"పోలీసులు ఏం రాశారో తెలుసా? రెండూ ఒకే మందు, ఒకే పద్ధతి, ఒకే చెయ్యి అని రాశారు. మనకు వరం ఇచ్చినట్టే. ఆదివారం మీరు బచేలీలో ఉన్నారని ఈ కాగితంతో తేలుతుంది. రెండో అభియోగం పోతుంది. రెండోది మీ చెయ్యి కానప్పుడు, ఒకే చెయ్యి అన్నారు కాబట్టి మొదటిదీ మీ చెయ్యి కాకుండా పోతుంది. కేసు వదిలించుకుని సాయంత్రం బస్సుకు ఇంటికెళ్ళిపోవచ్చు మీరు."

భూషణానికి గుండె తేలికపడింది. నాలుగు నెలల్లో మొదటిసారి రామనాథం వైపు తలెత్తి చూశాడు. వచ్చే సంతలో ఆ మడతకుర్చీ మళ్ళీ ఎటు జరుగుతుందో చూద్దాం అనుకున్నాడు.

"మరి చంపింది ఎవరని అడగరా?"

"అడుగుతారు, వెతుక్కుంటారు. అది వాళ్ళ తలనొప్పి. ఆ వెతకడానికి పనికొచ్చేది కూడా ఇందులోనే ఉంది, పశువుల డాక్టరు కోసి చూసి రాసిన రిపోర్టు." ఈశ్వరరావు కళ్ళజోడు పైకి నెట్టుకుని హిందీలో ఉన్నదాన్ని తెలుగు చేస్తూ చదివాడు. "మొదటి పుంజు గొంతు తిత్తిలో జొన్నలు, ఎలుకల మందు. రెండోదాని తిత్తిలో నువ్వులు, దంచిన ఇప్పపువ్వు, ఎలుకల మందు. మేతలు వేరు, చూశారా? ఇదీ మనకు మంచిదే. చెయ్యి వేరని…"

తరవాత ఆయన ఏం చదివాడో భూషణానికి వినపడలేదు.

నువ్వులు, ఇప్పపువ్వు. జగదల్‌పూర్ చుట్టుపక్కల పందెం పుంజును పెంచే ఏ మనిషినైనా అడగండి, ఇప్పపువ్వు పెడతావా అని. నవ్వుతాడు. అది తింటే పుంజు మత్తుగా అయిపోతుందని, బరిలో కునికిపాట్లు పడుతుందని అందరి నమ్మకం. పెట్టే ఇల్లు ఒకటే ఒకటి. ఎండు ఇప్పపువ్వు అమ్మడానికొచ్చే సోమ్లీ ఎన్నడో చెప్పిందట, దెబ్బ తిన్న పుంజుకు వేయించిన నువ్వులతో దంచి చిన్న ఉండ చేసి పెడితే నొప్పి తెలియకుండా నిద్రపోతుందని. అప్పట్నుంచి మంగాదేవి, బరి నుంచి రక్తంతో వచ్చిన ప్రతి పుంజునూ ఒళ్ళో పెట్టుకుని ఆ ఉండలు తినిపిస్తుంది. భూషణం మొదట్లో విసుక్కున్నాడు, తరవాత ఊరుకున్నాడు. ఆ ఉండ ఆ ఇల్లు దాటి ఎక్కడా ఉండదు.

ఇంకొకటి గుర్తొచ్చింది. తను బచేలి నుంచి తిరిగొచ్చిన రోజు నుంచి మంగాదేవి పుంజులకు చేత్తో మేత పెట్టడం మానేసింది. గిన్నెలో పోసి దూరంగా జరిగి నిలబడుతోంది. తన మీద కోపం అనుకున్నాడు.

"ఒక్క నిమిషం వకీలు సాబ్," అని వరండా ఆ చివరికి నడిచాడు.

మంగాదేవి టీ గ్లాసు ఖాళీ అయి పక్కన ఉంది. భూషణం ఆమె పక్కన కూర్చోలేదు. ఎదురుగా నిలబడి, చెల్లెలి బెంచీకి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"నెమలిని నువ్వే చంపినవా?"

ఆమె తలెత్తింది. అబద్ధం చెప్పే మనిషి అయితే ఆ క్షణంలో చెప్పి ఉండేది.

"ఎవరు చెప్పిండ్రు?"

"దాని తిత్తి చెప్పింది. నువ్వుల ఉండ."

మంగాదేవి కుడిచేతిని కొంగులోకి లాక్కుంది. బంట్రోతు లోపల్నుంచి ఎవరిదో పేరు పిలిచాడు, వాళ్ళది కాదు.

"గురువారం నువ్వు ఇంటికొచ్చి మూడుసార్లు చేతులు కడిగినవ్. సబ్బుతో. అన్నానికి ముందు నీళ్ళు గూడ సరిగ పోసుకోని మనిషివి," అంది చివరికి. "సాయంత్రం డేగ చచ్చిందని తెలిసింది. అప్పుడే అనుకున్న. ఊరంత నీ దిక్కే చూస్తరు, ఇంక ఎవరి దిక్కు చూస్తరు? శనివారం నువ్వు బచేలి పోయినవ్. నాకు అప్పుడు ఆలోచనొచ్చింది. నువ్వు ఊళ్ళ లేనప్పుడు ఇంకొకటి అట్లనే చస్తే, చంపేటోడు వేరే ఉన్నడు అనుకుంటరు గద. అప్పుడు మొదటిది గూడ నీ మీదికి రాదు."

ఆమె వేసిన లెక్క ఎంత చక్కటిదో చూడండి. ఇందాక వకీలు స్టాంపు కాగితం పట్టుకుని చెప్పింది అదే. చదువుకున్నవాడు నాలుగు నెలల తరవాత కనిపెట్టినదాన్ని ఆమె రెండు రోజుల్లో వంటింట్లో కనిపెట్టింది.

"నాకేం తెలుసు, నువ్వు బచేలి పోయిన సంగతి దాచిపెడతవని!" మంగాదేవి చెల్లెలి బెంచీ వైపు చూసి గొంతు తగ్గించింది. "పోలీసోళ్ళు వచ్చి ఎక్కడున్నవంటే ఇంట్లనే ఉన్ననంటివి. ఎందుకయ్యా? రామనాథం నవ్వుతడనా? నీ కుళ్ళు కోసం రెండో పుంజు గూడ నీ మెడకే చుట్టుకున్నది. నేను ఎన్నిసార్లు చెప్పమన్న? చెప్పినవా?"

"ఇప్పుడు చెప్తున్నం. కాశయ్య వచ్చిండు."

"చెప్పుండ్రి. మంచిదే."

"మంచిదేందే! కాశయ్య చెప్తే నేను బయటపడ్త. మరి రెండోది ఎవరని వెతుకుతరు. తిత్తిల నువ్వులున్నయని రాసుంది. ఎన్ని దినాలు పడ్తది నీ దాక రావడానికి?"

మంగాదేవి నిదానంగా ఖాళీ గ్లాసును బెంచీ కిందికి జరిపింది. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసని, తెలిసే నాలుగు నెలలు బచేలి సంగతి చెప్పమని పోరిందని భూషణానికి అప్పుడు అర్థమైంది. ఏ మగాడికైనా ఆ క్షణంలో కళ్ళ నీళ్ళు తిరగాలి. భూషణానికీ తిరిగాయి. ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుని ఉంటే ఈ భాగం ఇక్కడితో సుఖంగా ముగించేవాణ్ణి.

కానీ ఆమె ఇంకొక మాట అంది.

"అది నా చేతిలనే తిన్నదయ్యా. అరచేతిల. పొడిచి పొడిచి తిన్నది. కడుపు నిండినాక నా ముంజేతికి మెడ రాసింది. ఇంక గిన్నెల పెట్టాల్సిన పనే లేకపోయె."

భూషణం కళ్ళల్లో నీళ్ళు ఉన్నచోటే ఆగిపోయాయి.

పందెం పుంజు కొత్త చేతిలో తినదు. అలా తినకుండా పెంచడమే పెంపకంలో మొదటి పాఠం. బరి దగ్గర ఎవడైనా ఏదైనా పెడతాడని, పిల్లగా ఉన్నప్పటి నుంచీ పరాయి చెయ్యి కనపడితే ముక్కు తిప్పుకునేలా అలవాటు చేస్తారు. అందుకే భూషణం కూడా డేగకు చేత్తో పెట్టలేదు, దాని సొంత గిన్నెలో కలిపాడు. మరి రామనాథం ఇంటి పుంజు, రామనాథం చేత్తో పెరిగిన పుంజు, ఈమె అరచేతిలో ఎలా తింది? మెడ ఎలా రాసింది?

అంటే ఈ చెయ్యి దానికి పాతది. ఎన్నిసార్లు పెట్టి ఉంటుంది? ఎన్నాళ్ళ నుంచి? తను సంతకు పోయి, కొట్టు కట్టేసి వచ్చేలోపు ఈమె ఎక్కడుండేది? చెల్లెలింటికి అప్పడాలు ఒత్తడానికి పోయిన అనేది, పచ్చళ్ళు కలపడానికి పోయిన అనేది.

"నీ చేతిల ఎట్ల తిన్నదది?"

"ఏంది?"

"రామనాథం పుంజు నీ చేతిల ఎట్ల తిన్నదని అడుగుతున్న. ఎన్ని దినాల సంది పెడ్తున్నవ్ దానికి?"

మంగాదేవి ఆయన ముఖంలోకి చూసింది. ఇప్పటిదాకా లేని భయం ఆ చూపులో వచ్చింది. ఒక కోడిని చంపానని ఒప్పుకున్నప్పుడు లేని భయం.

"తరవాత చెప్త," అంది.

"ఇప్పుడు చెప్పు."

"భూషణం వల్ద్ వెంకయ్య హాజిర్ హో!" వెంకయ్య కొడుకు భూషణం రావాలని బంట్రోతు కేక వేశాడు. ఈసారి వాళ్ళ పేరే.

కోర్టు గది చిన్నది. మేజిస్ట్రేటు బల్ల, పక్కన గుమాస్తా, వెనక మూడు బెంచీలు. మంగాదేవి ఆఖరి బెంచీలో కూర్చుంది. సావిత్రీ రామనాథం ముందు బెంచీలో. భూషణం బోనులో నిలబడ్డాడు. ఈశ్వరరావు కాశయ్య కాగితాన్ని బల్ల మీద తన ముందు పెట్టుకుని, సమయం చూసి అందించడానికి తయారుగా ఉన్నాడు.

ఇప్పుడు భూషణం మనసులో నడిచింది నేను దాచను. ఆ కాగితం లోపలికి పోనిస్తే తను బయటపడతాడు. పోలీసులు మంగాదేవి దగ్గరికి వెళతారు. అప్పుడు అందరి ముందూ, ఈ బోనులోనే నిలబెట్టి అడుగుతారు, ఆ పుంజు నీ చేతిలో ఎలా తిన్నదమ్మా అని. తను అడిగితే తరవాత చెప్తానంది. జడ్జి అడిగితే చెప్పక చస్తుందా? ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, భూషణం అది జరగాలని కోరుకున్నాడు. ఆరేళ్ళు జైల్లో ఉన్నా తెలియని సంగతి అప్పుడు తెలుస్తుంది కదా అనుకున్నాడు. కడుపుమంట మనిషిని అంత దూరం తీసుకుపోతుంది.

మేజిస్ట్రేటు హిందీలో మొదటి అభియోగం చదివాడు. గురువారం, డేగపుంజు, ఎనిమిది వందలు, యజమాని రామనాథం.

"జుర్మ్ కబూల్ హై?"

నేరం ఒప్పుకుంటున్నావా అని. ఈశ్వరరావు లేవబోయాడు. భూషణం వెనక్కి తిరిగి చూశాడు. ఆఖరి బెంచీలో మంగాదేవి కుడిచెయ్యి ఇంకా కొంగులోనే ఉంది. ఎవరో ఆ చేతిని లాగి చూస్తారన్నట్టు ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి ఇరవై రెండేళ్ళుగా ఆయన విస్తట్లో నెయ్యి వేసింది. ఆయన పుంజుల గాయాలు కడిగింది. ఆయన పాపానికి ఇంకో పాపం కలిపి, ఆయన్ని బయటికి లాగాలని చూసింది.

"కబూల్," అన్నాడు భూషణం.

ఈశ్వరరావు లేవబోయినవాడల్లా సగంలో ఆగిపోయాడు. ముందు బెంచీలో సావిత్రి "అయ్యో" అంది. మేజిస్ట్రేటు కూడా తలెత్తి చూసి, రెండో కాగితం తిప్పాడు. ఆదివారం, నెమలిపుంజు, మూడు వందలు.

"ఇది కబూలేనా?"

"ఇది గూడ నాదే సాబ్. రెండూ నేనే చేసిన."

"భూషణం గారూ!" ఈశ్వరరావు లేచి నిలబడ్డాడు. "సర్, నా క్లయింటు మనసు బాగాలేదు. ఆ ఆదివారం ఆయన…"

"కూర్చోండి వకీలు సాబ్," అన్నాడు భూషణం. "ఆ కాగితం ఇయ్యకుండ్రి."

వెనక బెంచీలో మంగాదేవి లేచి నిలబడింది. ఆమె ఏదో అనబోతోందని, అంటే అంతా పోతుందని భూషణానికి తెలుసు. కూర్చోమని కళ్ళతోనే సైగ చేశాడు. ఈ నాలుగు నెలల్లో, ఆ మాటకొస్తే అసలు ఇరవై రెండేళ్ళలో, ఆ మనిషి ఎవరితోనూ పోల్చుకోకుండా చేసిన మొదటి పని అది. దాని రుచి ఆయనకు నచ్చింది కూడా. ఆరేళ్ళంటే ఆరేళ్ళు. రామనాథం ఇలాంటిది చేయగలడా, చేయమను చూద్దాం అనుకున్నాడు. అనుకోగానే పోల్చడం మళ్ళీ మొదలైందనుకోండి, అది వేరే సంగతి.

గుమాస్తా కలం తీశాడు. అప్పుడు ముందు బెంచీలో రామనాథం లేచాడు.

"సాబ్, నేనొక మాట చెప్పాలె."

"మీరు ఫిర్యాదీ. మీ వంతు తరవాత."

"తరవాత చెప్తే ఉపయోగం లేదు సాబ్. నేను ఇచ్చిన రిపోర్టులోనే ఒక తప్పున్నది." రామనాథం భూషణం వైపు చూడలేదు. బల్ల వైపూ చూడలేదు. "డేగ నాది. నెమలి నాది కాదు."

ఈశ్వరరావు చెయ్యి కాశయ్య కాగితం మీదే ఆగిపోయింది. యజమాని వేరే అయితే రెండో అభియోగం ఏమవుతుందో ఆ గదిలో ముందుగా లెక్క వేసింది ఆయనే.

"మీ ఇంట్లో ఉన్న పుంజు మీది కాదా? మరి ఎవరిది?" అన్నాడు మేజిస్ట్రేటు.

రామనాథం చెయ్యెత్తి ఆఖరి బెంచీని చూపించాడు.

"ఆమెది సాబ్. మా వదినది. గుడ్డు పగిలిన వారానికే తెచ్చి నాకిచ్చింది, పెంచమని. రోజూ మధ్యాహ్నం వచ్చి తనే మేత పెట్టుకునేది. ఎవరికీ చెప్పొద్దని నాతోటి ఒట్టు వేయించుకున్నది. భూషణం అన్నకు గానీ, సావిత్రికి గానీ."

నెమలి పరాయివాడి సొత్తు కాకుండా పోయేసరికి, ఆరేళ్ళలో మూడేళ్ళు ఆ ఒక్క మాటతో భూషణం నెత్తిమీద నుంచి దిగిపోయాయి. ఆయనకు ఆ బరువు దిగినట్టే తెలియలేదు. రోజూ మధ్యాహ్నం. ఎవరికీ చెప్పొద్దని. ఒట్టు. బోను కర్రను రెండు చేతులా పట్టుకుని ఆయన మంగాదేవినే చూస్తున్నాడు. ఆమె ఆయన వైపు చూడటం లేదు.

ఆమె చూస్తున్నది సావిత్రిని. ముందు బెంచీలో సావిత్రి మెల్లగా వెనక్కి తిరిగింది. నాలుగు నెలలుగా అక్కతో మాట్లాడని మనిషి, కోర్టు అని కూడా చూడకుండా అడిగింది.

"నేను నిద్రపోయే యాళకు వచ్చేదానివా అక్కా?"